కేదార్‌నాథ్ ఒక్క రోజులో నడిచి ఎక్కాలంటే బెంగళూరులో ఎలా సిద్ధం కావాలి?

వారాంతాల్లో నంది కొండ ఎక్కొచ్చే మారతహళ్లి మిత్రబృందాలకు ఒక ధీమా ఉంటుంది. "బెంగళూరే ఎత్తు మీదుంది, మనకేం కాదులే" అని. నాకూ ఉండేది. బెంగళూరు ఎత్తు సుమారు 920 మీటర్లే, కేదార్‌నాథ్ 3,583. ఎత్తు తెచ్చే తిప్పలు సాధారణంగా 2,500 మీటర్లు దాటాకే మొదలవుతాయి. కాబట్టి ఇక్కడ గట్టిపరచుకోగలిగేది కాళ్లనే. ఊపిరి సంగతి అక్కడికెళ్లాకే.

పది వారాల ముందు: మెట్లు

గౌరీకుండ్ దాదాపు 1,980 మీటర్ల ఎత్తున ఉంది. అక్కణ్నుంచి గుడికి 16 కిలోమీటర్ల పైచిలుకు నడక, 1,600 మీటర్ల ఎక్కుడు. అంటే పదంతస్తుల అపార్ట్‌మెంట్ మెట్లు యాభైసార్లకు పైగా ఎక్కినట్టు. కంగారు పడకండి, రోజుకు ఐదుసార్లతో మొదలుపెట్టి వారం వారం పెంచుకుంటూ పోతే చాలు. దిగేటప్పుడు మాత్రం లిఫ్టు వద్దు. మోకాళ్ల పని పట్టేది దిగుడే. తొడ కండరాలు సాగుతూనే ఒంటి బరువును ఆపాలి, దిగితే తప్ప అది అలవాటు కాదు. నెల దాటాక వీపున ఐదారు కిలోల సంచి తగిలించండి. వాచ్‌మన్ వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

వేగానికి కొలత ఒకటే: పక్కవాళ్లతో మాట్లాడుతూ ఎక్కగలగాలి. మాట తెగిపోతోందంటే తగ్గించండి.

శని, ఆదివారాలు: కొండలు

సుల్తాన్‌పేట వైపు నుంచి నంది కొండకు మెట్ల దారి ఉంది, మొదట అది. తర్వాత మాగడి దగ్గరి సావనదుర్గ. అదంతా ఒకే బండ, తడిస్తే జారుతుంది, వానలో వెళ్లొద్దు. అసలు పరీక్ష కుమారపర్వత. ఎత్తు 1,712 మీటర్లే అయినా కుక్కె సుబ్రహ్మణ్య నుంచి మొదలెడితే ఎక్కుడు ఇంచుమించు కేదార్‌నాథ్‌ అంత. ప్రయాణానికి మూడు వారాల ముందే అది పూర్తిచేయండి. దారి తెరిచి ఉందా, అనుమతి కావాలా అన్నది అటవీ శాఖ దగ్గర ముందే కనుక్కోండి. చివరి వారం విశ్రాంతి.

బూట్లు ఈ కొండల మీదే కాళ్లకు అలవాటు పడాలి. కొత్త జత వేసుకుని సావనదుర్గ దిగిన నాకు బొటనవేలి గోరు నల్లబడి, నెల తర్వాత ఊడింది. వేళ్ల ముందు కాస్త జాగా ఉండాలి, గోళ్లు కత్తిరించుకోవాలి.

అక్కడికెళ్లాక: ఆగడం

పైన గాలిలో ఆక్సిజన్ పాలు ఇక్కడిలాగే 21 శాతం. తగ్గేది గాలి ఒత్తిడి. 3,500 మీటర్ల దగ్గర అది సముద్రమట్టంలో ఉన్నదాంట్లో మూడింట రెండొంతులే, కాబట్టి ఒక్కో ఊపిరికీ అందే ఆక్సిజన్ తగ్గుతుంది. ఒంటికి ఇది అలవాటవడానికి రోజులు పడతాయి. సెలవులు లేవని పొద్దున డెహ్రాడూన్‌లో విమానం దిగి మర్నాడే కొండెక్కేవాళ్లున్నారు. నా మాట వింటే సెలవు ఇంకో రెండు రోజులు పెట్టండి. 2,600 మీటర్ల పైనున్న చోప్తాలో రెండు రాత్రులు పడుకుని, అటూ ఇటూ నడిచి, అప్పుడు గౌరీకుండ్‌కు రండి.

బీపీ, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు బయల్దేరే ముందే డాక్టరును కలవాలి. ఎత్తు తిప్పలు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర కూడా ఆయన చెబితేనే. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి తప్పక చెప్పాలి.

ఎక్కే రోజు

చార్‌ధామ్ యాత్ర రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ కాగితం పైజేబులో ఉంచండి. తెల్లవారుజామునే కదలండి, మధ్యాహ్నమయ్యేసరికి వాన పట్టొచ్చు. గౌరీకుండ్ కంటే పైన సుమారు పది డిగ్రీలు చల్లన. జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు. పొరలుగా బట్టలు, రెయిన్‌కోటు, రెండు లీటర్ల నీళ్లు, ఓఆర్‌ఎస్. ఆకలి వేయకపోయినా గంటకోసారి పల్లీపట్టీయో ఖర్జూరమో నమలండి. మా ఇంట్లోవాళ్లు కట్టే పులిహోర సగం దారి దాకా బ్రహ్మాండం, ఆపైన సహించదు.

గుర్రాలు ఎదురైతే లోయ వైపు కాదు, కొండ వైపు ఒదిగి నిలబడండి.

2013 వరదల తర్వాత వేసిన దారిలో రాంబాడా నుంచి లించోలీ దాకా నిటారు. లించోలీలో ఆగి ఒకరినొకరు చూసుకోండి. తలనొప్పికి తోడు వాంతి, కళ్లు తిరగడం ఉంటే పైకి వెళ్లొద్దు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, అడుగు తడబడినా, మాట తికమకపడినా వెంటనే వైద్య శిబిరానికి చెప్పి కిందికి దించండి. "ఇంత దూరం వచ్చి దర్శనం లేకుండానా" అని అత్తయ్యలు, మావయ్యలు పట్టుబడతారు. అందుకే ఎవరు వెనక్కి దిగుతారో, తోడు ఎవరు వెళ్తారో బెంగళూరులోనే తేల్చుకోండి.