లచ్చి కోసం ఇల్లు సర్దుకున్న తీరు

ఒంగోలు సంతపేటలో మా ఇంటి ముందు గదిలోనే నా కుట్టుమిషను ఉంటుంది. కుక్కపిల్లను తెచ్చుకోవాలనుకున్నాక మొదట కొన్నవి మూత బిగుతుగా పడే రెండు స్టీలు డబ్బాలు. ఒకటి సూదులకు, ఒకటి దారపు ముక్కలకు. పిల్ల మింగిన దారం ఒక కొస ఎక్కడైనా చిక్కుకుంటే పేగు దాని మీదికి ముడుచుకుపోతుంది. కుచ్చుల లంగాకు వదులు కుట్టు వేసి దారం లాగితే బట్ట దగ్గరకు వచ్చినట్టే. పేగు తెగినా తెగవచ్చు. నోట్లోంచో వెనక నుంచో దారం వేలాడుతూ కనిపిస్తే లాగకండి, అలాగే డాక్టరు దగ్గరకు ఎత్తుకెళ్లండి. మీ ఇంట్లో మిషను లేకపోయినా ఛార్జర్ తీగ, పూలమాల దారం, మాత్రల అట్ట ఉంటాయి. నేల మీద బోర్లా పడుకుని, పిల్ల కంటి ఎత్తు నుంచి గదంతా ఒకసారి చూడండి.

మా వైపు చాలా ఇళ్లలో చీమకుర్తి గ్రానైటు నేలలే. అద్దంలా మెరుస్తాయి కానీ పిల్లకు కాలు నిలవదు. వెనక కాళ్లు చెరో పక్కకు జారుతూ పెరగడం కీళ్లకు మంచిది కాదు. అందుకని పడక నుంచి గిన్నె దాకా, గిన్నె నుంచి పెరటి గుమ్మం దాకా గోనెసంచులు విప్పి, కలిపి కుట్టి పరిచాను.

లచ్చి కొత్తపట్నంలో మా పిన్ని వాళ్ల పశువుల పాకలో పుట్టిన నాటుపిల్ల. 40 రోజులకే తీసుకెళ్లమంది పిన్ని. 8 వారాలు నిండేదాకా నేనే ఆగాను. ఎంత గట్టిగా కొరికితే అవతలి పిల్ల కీచుమంటుందో తోబుట్టువుల దగ్గర నేర్చుకునేది ఆ రోజుల్లోనే. వారం ముందే నా పాత నేత చీర ఒకటి తల్లి కింద పరిపించి, లచ్చిని ఆ చీరలోనే చుట్టి తెచ్చాను. మొదటి రాత్రి రెండుసార్లే ఏడ్చింది. కొన్నాళ్లు మంచం పక్కనే పడుకోబెట్టండి, వేరే గదిలో ఏడవనివ్వకండి.

ఇక టీకాల సంగతి. దీనికి ముందు మా ఇంట్లో రాజు అనే పిల్ల ఉండేది. ఒక్క టీకా కూడా వేయించకుండా వీధంతా తిప్పాను. తొమ్మిదో రోజు పొద్దున వాంతి, మధ్యాహ్నానికి నీళ్ల విరేచనం, సాయంత్రానికి అందులో నెత్తురు. అది పార్వో అనే, కుక్కపిల్లల పేగులను దెబ్బతీసే అంటురోగమని నాకు తెలియదు. పొద్దున్నే చూపిద్దాం అనుకున్నాను. తెల్లవారేసరికి రాజు లేడు. వాంతులు, విరేచనాలు కలిసి వస్తే ఆ గంటలోనే బయలుదేరండి. ఒంట్లో నీరు పోవడమే పిల్లల ప్రాణం తీస్తుంది.

పార్వో క్రిమి మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది, మన చెప్పులకు అంటుకుని ఇంట్లోకి వస్తుంది. ఫినాయిల్‌ను నమ్ముకోకండి, బ్లీచింగ్ నీళ్లతో కడగండి. నేను ఏడాది ఆగి, అలా కడిగిన తర్వాతే లచ్చిని తెచ్చాను. మొదటి టీకా 6 నుంచి 8 వారాల మధ్య, తర్వాత మూడు నాలుగు వారాలకు ఒకటి చొప్పున 16 వారాలు నిండేదాకా వేయించాలి. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఉన్నంతకాలం టీకా సరిగా పట్టదు. ఆ రక్షణ ఒక్కో పిల్లలో ఒక్కో సమయానికి తగ్గుతుంది కాబట్టే అన్నిసార్లు. నట్టల మందు తూకాన్ని బట్టి 3 నెలల దాకా రెండు వారాలకోసారి, ఆపైన 6 నెలల దాకా నెలకోసారి.

టీకాలు పూర్తయ్యేదాకా వీధి మట్టి మీద కాలు పెట్టనివ్వకండి. అలాగని గదిలో మూసి పెడితే పిరికిదవుతుంది. సుమారు 14 వారాల లోపు చూసినవాటికే అది తేలిగ్గా అలవాటు పడుతుంది. నేను రోజూ సాయంత్రం లచ్చిని ఎత్తుకుని కర్నూలు రోడ్డు పక్కన నిలబడేదాన్ని. గ్రానైటు బండల లారీ మొదటిసారి వెళ్లినప్పుడు నా కొంగులోకి తల దూర్చి వణికింది. నాలుగో రోజు చెవులు మాత్రం కదిపింది.

తిండి విషయానికొస్తే, పాలు పోయకండి, చాలా పిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయి. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉడికిన ఎముకలు వద్దే వద్దు. ఉత్త పెరుగన్నం ఎదుగుదలకు చాలదు. లచ్చికి మెత్తని అన్నంలో ఉప్పు వేయకుండా ఉడికించిన కోడి మాంసమో గుడ్డో కలిపి రోజుకు నాలుగుసార్లు పెట్టాను. కాల్షియం ఎంతివ్వాలో డాక్టరును అడిగాను.

నిద్ర లేవగానే, తినగానే, ఆట ఆపగానే పెరట్లో ఒకే మూలకు తీసుకెళ్లండి. పని కాగానే అక్కడే మెచ్చుకోండి. ఇంట్లో పోసిందని కొడితే మీ కంటపడకుండా పోయడం నేర్చుకుంటుంది, అంతే.

3 నెలలు నిండాక రేబిస్ టీకా. ఏటా జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో దాన్ని ఉచితంగా వేస్తారు, కానీ ఆ తేదీ కోసం ఆలస్యం చేయకండి. పాలపళ్లు సూదుల్లా ఉంటాయి, ఆటలోనే గీసుకుపోతాయి. మన పిల్లే కదా అని వదిలేయకుండా గీరుకున్న చోట సబ్బు రాసి, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లండి. లచ్చి టీకా కార్డును నా కొలతల పుస్తకం అట్టకు కుట్టేశాను. రోజుకు పదిసార్లు తెరిచే పుస్తకం, తేదీ తప్పిపోదు.