క్విజ్ చెప్పిన పార్టీకి ఓటేసే ముందు ఒక లెక్క

2024 ఎన్నికలకు నెల ముందు మా అన్నయ్య కూతురు హైదరాబాద్ నుంచి స్క్రీన్‌షాట్ ఒకటి పంపింది. "బాబాయ్, నాకు 75 శాతం మ్యాచ్ వచ్చింది. వీళ్ళకే వేసేయనా?" అని అడిగింది. ఇరవై ప్రశ్నలకు అవును, కాదు, తటస్థం అని నొక్కుతూ పోతే చివర్లో మన పార్టీ ఏదో చెప్పే ఆన్‌లైన్ క్విజ్ అది. నేను రాజోలు దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారిని. ఏటా బిట్ పేపర్లు తయారుచేసే చేతులు కదండీ, చూసి ఊరుకోలేకపోయాను. ఆ రోజు తనతో ఏం చేయించానో రాస్తున్నాను. మీకూ అలాంటి లింకు వస్తే ఇలా చేసి చూడండి.

లింకు నొక్కకముందే ఒక కాగితం మీద, ఈ ఐదేళ్ళలో మిమ్మల్ని ఇబ్బంది పెట్టినవి ఐదు రాసుకోండి. ముందే రాయాలి. ప్రశ్నలు చూశాక అవే ముఖ్యమనిపిస్తాయి, ఇంపార్టెంట్ క్వశ్చన్లే పాఠమనుకునే పిల్లల్లాగా. నా కాగితంలో మొదటిది మురుగు కాలువలు. శంకరగుప్తం డ్రెయిన్ వెంట సముద్రపు పోటు నీళ్ళు ఎగదన్ని, కొబ్బరి చెట్లు తలలు రాలిపోయి మోడుల్లా నిలబడ్డాయి. మా వైపు సార్వా నాట్లు పడ్డాక పెద్ద వాన కొడితే, గుర్రపుడెక్క కమ్మేసిన కాలువలో నీరు అంగుళం కదలదు.

క్విజ్‌లో వ్యవసాయం మీద ఉన్నది ఒకే ఒక్క ప్రశ్న. "రైతులకు ఉచిత విద్యుత్ కొనసాగిస్తూ, మోటార్లకు మీటర్లు బిగించాలా?" కాలువ కింద సేద్యం చేసేవాడికి మోటారు గొడవెందుకు? పైగా అందులో ఉన్నవి రెండు ప్రశ్నలు. కరెంటు కావాలి, మీటరు వద్దు అనేవాడు ఏది నొక్కాలి? పదో తరగతి పేపర్లో ఇలాంటి బిట్ ఇస్తే నన్ను స్టాఫ్ రూములోనే ఏకిపారేస్తారు. ఇలాంటి ప్రశ్నలు ఎన్ని ఉన్నాయో వేళ్ళమీద లెక్కపెట్టండి. నాకు నాలుగు దొరికాయి.

తర్వాత మార్కులెలా వేస్తున్నారో చూడాలి. గుట్టంతా అక్కడే. జర్మనీలో ప్రభుత్వ సంస్థ 2002 నుంచి నడుపుతున్న వాల్-ఓ-మాట్ అనే క్విజ్ ఉంది. పార్టీలే జవాబులిస్తాయి, లెక్క కూడా దాచరు. మీ జవాబు, పార్టీ జవాబు ఒకటైతే 2, ఇద్దరిలో ఒకరు తటస్థమైతే 1, ఎదురెదురైతే 0. ఇప్పుడు ఒక పార్టీ ఇరవైకి ఇరవై తటస్థం పెట్టిందనుకోండి. మీరు అవునన్నా కాదన్నా దానికి ప్రశ్నకు 1 ఖాయం, మొత్తం 40కి 20. నోరు విప్పకుండానే ఊరందరితో 50 శాతం కలిసిపోయింది! ఇంకో పార్టీ అన్నిటికీ సూటిగా చెప్పి, ఎనిమిదింటిలో మీతో కలిసి పన్నెండింటిలో విడిపోయిందా, దానికి 16, అంటే 40 శాతమే. గోడ మీద పిల్లికే ఫస్ట్ ర్యాంకు.

అంత పద్ధతిగా నడిచేదాన్ని కూడా 2019లో కొలోన్ కోర్టు కొద్ది రోజులు ఆపించింది. ఒకేసారి ఎనిమిది పార్టీలతోనే పోల్చుకోనిస్తే చిన్న పార్టీలకు అన్యాయమని. మన వాట్సాప్‌లో తిరిగేవాటిలో పార్టీల తరఫున జవాబులు నింపిందెవరో కూడా రాసి ఉండదు.

అందుకని క్విజ్ ఒకసారి కాదు, మూడుసార్లు చేయండి. మొదట నిజాయతీగా, రెండోసారి గోడ మీద పిల్లి ఎవరో తేలడానికి అన్నీ తటస్థంగా, మూడోసారి మీరు ఊగిసలాడిన రెండు జవాబులు మాత్రం మార్చి. మా అన్నయ్య కూతురు రెండు మార్చేసరికి 75 కాస్తా 70కి దిగింది, రెండో స్థానంలోది 72.5తో పైకెక్కి కూర్చుంది. ఫోన్లో కాసేపు మాట్లాడలేదు.

ఫలితం చూపించడానికి ఫోన్ నంబరు గానీ ఓటరు కార్డు నంబరు గానీ అడిగితే అక్కడే మూసేయండి. నేను ఒకదానికి ఇచ్చాను. మూడో రోజు నుంచి క్లాసులో ఉండగా రికార్డింగ్ గొంతులు.

ఇంకో సంగతి. 2024 మే 13న ఆంధ్రలో ఓటర్లు వేసింది రెండు ఓట్లు, క్విజ్ చెప్పింది ఒకే పేరు. మురుగు కాలువ గురించి అడగాల్సింది ఎమ్మెల్యేని, కోటిపల్లి–నరసాపురం రైల్వే లైను గురించి ఎంపీని. స్విట్జర్లాండ్ స్మార్ట్‌వోట్‌లో అభ్యర్థులు ఎవరికివారే జవాబులిస్తారు. ఇక్కడ ఇచ్చినా, 1985 నాటి ఫిరాయింపుల చట్టం వచ్చాక సభలో చెయ్యెత్తాల్సింది పార్టీ ఇచ్చే ఆదేశం, అంటే విప్ ప్రకారమే. అలాగని పార్టీని చూసి వేస్తే సరిపోతుందా? 2019లో జనసేన గెలిచిన ఒకే ఒక్క సీటు మా రాజోలు. గెలిచినాయన అప్పటి అధికార పార్టీ వైఎస్సార్‌సీపీ వైపు నిలబడి, 2024లో వాళ్ళ తరఫునే అమలాపురం ఎంపీగా పోటీ చేశారు. ఇది ఏ బిట్ పేపర్లో వస్తుంది చెప్పండి?

మనిషిని చూడాలంటే అభ్యర్థి నామినేషన్‌తో ఇచ్చే ప్రమాణ పత్రం, ఫారం 26 అఫిడవిట్ చదవండి. సుప్రీంకోర్టు 2002 తీర్పు పుణ్యమా అని కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు ఓటరు ముందు పెట్టాల్సి వచ్చింది. 2024లో ఎన్నికల సంఘం కేవైసీ (నో యువర్ క్యాండిడేట్) యాప్‌లో పేరు కొడితే దొరికింది. ఆయన ఇంతకుముందు పోటీ చేసి ఉంటే పాత అఫిడవిట్ కూడా పక్కన పెట్టుకోండి. నేను ముందు ప్రభుత్వానికి కట్టాల్సిన బకాయిల గడి చూస్తాను, ఆస్తుల దగ్గరికి తర్వాత వెళ్తాను. చేతిరాతతో నింపినవైతే భూతద్దం కావాలి.

మా అన్నయ్య కూతురు తన కాగితం ఫొటో తీసి పంపింది. మూడోది, "పండగలకు ప్రైవేటు బస్సు టికెట్ రేటు". క్విజ్‌లో అది లేదు. పోలింగ్ సోమవారం పడింది. ఎలక్షన్ డ్యూటీ వాళ్ళం కనుక నేను పోస్టల్ బ్యాలెట్ ముందే వేసేశాను. తనేమో అదే రేటు కట్టి, ఆదివారం తెల్లవారుజామున తాటిపాకలో దిగింది.