ఎండాకాలంలో అమ్మానాన్నలతో రోమ్ వెళ్తున్నారా? ఇవి చూసుకుని బయల్దేరండి

యూరప్‌లో ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లు అమ్మానాన్నల్ని పిలిపించుకునేది ఎక్కువగా మే, ఆగస్టు మధ్యలోనే. ఇంత దూరం వచ్చినవాళ్లకి రోమ్ చూపించకుండా పంపబుద్ధి కాదు. సరిగ్గా ఆ నెలల్లోనే రోమ్ మండిపోతుంటుంది. నేను మావాళ్లని జులైలో తీసుకెళ్లాను. ముందే తెలిసుంటే కొన్ని పనులు వేరేగా చేసేవాణ్ణి. మీరు వెళ్లేముందు అవన్నీ తెలియాలని రాస్తున్నాను.

ముందు ఎండ సంగతి. బయల్దేరేముందు నేను జాగ్రత్తలు చెబుతుంటే నాన్న కొట్టిపారేశారు. "మన బెజవాడ ఎండ ముందు ఇదెంతరా!" అన్నారు. నిజానికి బెజవాడలో 44 డిగ్రీలున్న రోజు ఆయన పన్నెండు నుంచి నాలుగు దాకా గడప దాటరు. తలుపులు మూసి, కూలర్ వేసుకుని కునుకు తీస్తారు. అదే మనిషి రోమ్‌లో 36 డిగ్రీల ఎండలో, నీడ లేని రాళ్ల మధ్య నాలుగు గంటలు నడిచారు. డబ్బు పెట్టి వచ్చాం, అన్నీ చూసేయాలి అనే తాపత్రయం ఒకటి వెనక నుంచి తోస్తూ ఉంటుంది. పైగా అక్కడ అప్పుడప్పుడు మన ఎండలే వస్తాయి. 2023 జులైలో రోమ్‌లో 41 డిగ్రీలు దాటింది.

కొలోసియం టికెట్ మీదే పక్కనున్న పాత రోమ్ శిథిలాలు, అంటే రోమన్ ఫోరం, పాలటైన్ కొండ కూడా చూడొచ్చు కదా అని మూడూ ఒకే పూటలో పెట్టుకున్నాం. అదే నేను చేసిన పొరపాటు. ఫోరంలో చెట్టు నీడ చాలా తక్కువ. పడిపోయిన స్తంభాలు, ఎండకి కాగిన రాళ్లు, ఎగుడుదిగుడు బాట. పదకొండున్నర ప్రాంతంలో నాన్న మాట్లాడటం మానేశారు. అలసటేమో అనుకున్నాం. కాసేపటికి ఒక గోడని పట్టుకుని ఆగిపోయి, "తల తిరుగుతోందిరా" అన్నారు. నీడకి తీసుకెళ్లి కూర్చోబెట్టాం. అమ్మ తన తువ్వాలు తడిపి మెడ వెనక వేసింది. ఆమె బ్యాగులో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండున్నాయి, అవి కలిపి కొద్దికొద్దిగా తాగించాం. అరగంటకి తేరుకున్నారు. ఆ ప్యాకెట్లు అమ్మ పెట్టుకోకపోతే ఏం చేసేవాణ్ణో ఇప్పటికీ తలుచుకుంటే భయమేస్తుంది. పెద్దవాళ్లు కళ్లు తిరుగుతున్నాయని ముందుగా చెప్పరు. మాట తగ్గితే, నడక నెమ్మదిస్తే మీరే గమనించి ఆపేయాలి. మాట తడబడినా, ఎక్కడున్నామో తెలియనట్టు మాట్లాడినా ఇక ఆలోచించకుండా 112కి ఫోన్ చేయండి. పోలీసులకైనా, అంబులెన్సుకైనా అక్కడ అదే నంబరు.

రోజుని రెండు పూటలుగా విడగొట్టుకోండి. పొద్దున్నే మొదటి స్లాట్‌లో ఒక్క పెద్ద చోటు చూడండి. పన్నెండింటికల్లా గదికి చేరి, తిని, పడుకోండి. మళ్లీ అయిదున్నరకి బయల్దేరితే చాలు. జులైలో అక్కడ రాత్రి ఎనిమిదిన్నర దాటాకే పొద్దుగుంకుతుంది కాబట్టి సాయంత్రం బోలెడంత టైముంటుంది. ట్రేవీ ఫౌంటెన్, నవోనా చౌక్ లాంటివి రాత్రి దీపాల్లోనే ఇంకా బాగుంటాయి. ఇలా చేయాలంటే హోటల్ దగ్గర్లో ఉండాలి. వంద యూరోలు మిగులుతాయని ఊరి చివర తీసుకుంటే మధ్యాహ్నం విశ్రాంతి కుదరదు. బుక్ చేసేముందు ఏసీ ఉందా, లిఫ్ట్ ఉందా అని రెండూ అడిగి తీసుకోండి. పాత భవనాల్లో రెండూ లేకుండా మూడో అంతస్తులో గది ఇచ్చే చోట్లు ఉన్నాయి.

బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లు ప్రయాణానికి ముందే డాక్టరుతో మాట్లాడాలి. ఎక్కువగా మూత్రం పోయేలా చేసే బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకి ఎండలో ఒంట్లో నీళ్లు త్వరగా తగ్గిపోతాయి. డోసు సంగతి డాక్టరే చెప్పాలి, మనంతట మనం మానేయకూడదు. మందులు చేతి బ్యాగులోనే ఉంచుకోండి. ప్రిస్క్రిప్షన్ మీద కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాయించుకోండి. ఆకుపచ్చ ప్లస్ గుర్తున్న ఫార్మసీలు వీధివీధికీ ఉంటాయి గానీ, మన దగ్గరలా అడగగానే ఏ మందు పడితే అది ఇవ్వరు.

నీళ్ల సీసా కొనుక్కుంటూ తిరగక్కర్లేదు. రోమ్ వీధుల్లో పోత ఇనుముతో చేసిన పొట్టి స్తంభాల్లాంటి కుళాయిలు కనిపిస్తాయి. వాటిని నాసోనీ అంటారు, అంటే పెద్ద ముక్కులని అర్థం. 1874 నుంచి ఉన్నాయి, ఊరంతా కలిపి దాదాపు 2,500. నీళ్లు చల్లగా, ధారగా వస్తూనే ఉంటాయి, తాగడానికి మంచివి. కింద ధారని వేలితో మూస్తే, గొట్టం పైనున్న చిన్న కన్నంలోంచి నీళ్లు పైకి చిమ్ముతాయి. వంగకుండా తాగొచ్చు. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మకి రోమ్ మొత్తంలో బాగా నచ్చింది అదే. మనిషికొక ఖాళీ సీసా పట్టుకెళ్లండి.

చెప్పుల విషయంలో పెద్దవాళ్ల మాట వినకండి. పాత వీధులన్నీ నల్లరాతి ముక్కలు పరిచినవే. వాటి మధ్య సందుల్లో మడమ ఇరుక్కుంటుంది, తడిస్తే జారుతుంది. చీర కట్టుకున్నా సరే, కింద స్పోర్ట్స్ షూసే ఉండాలి. కొత్త జత అయితే ఇంటి దగ్గరే ఒక నెల నడిచి అలవాటు చేసుకోమనండి.

ఇక జేబుదొంగలు. టెర్మినీ అనే పెద్ద రైల్వే స్టేషను, మెట్రో, టెర్మినీ నుంచి వాటికన్ వైపు వెళ్లే 64 నంబరు బస్సు, ఇవి మూడూ ముందు నుంచీ పేరున్న చోట్లు. మా నాన్న పర్సు పోయింది మెట్రో ఎక్కేటప్పుడే. తలుపు దగ్గర ఇద్దరమ్మాయిలు దారి తెలియనట్టు ఆగిపోయారు, వెనక నుంచి ఇంకెవరో తోశారు, తలుపులు మూసుకునేలోపు ఆ ముందున్న ఇద్దరూ దిగిపోయారు. నాలుగైదు సెకన్లు, అంతే. రైలు కదిలాక గానీ నాన్న చెయ్యి జేబు మీదికి పోలేదు. కాబట్టి మగవాళ్లు ప్యాంటు వెనక జేబులో ఏమీ పెట్టుకోవద్దు. చొక్కా లోపల వేసుకునే పలుచని సంచిలో కార్డులు, పాస్‌పోర్టు ఉండాలి. ఆ రోజు ఖర్చుకి సరిపడా యాభై యూరోలు మాత్రం బయట పెట్టుకోవాలి. డబ్బు, కార్డులు అన్నీ ఒక్కరి దగ్గరే ఉంచకండి. తలుపు దగ్గర ఎవరైనా అకారణంగా ఆగితే ఆ రైలు వదిలేయండి, కొద్ది నిమిషాల్లో ఇంకొకటి వస్తుంది. అమ్మ మెడలో బంగారం ఇంట్లోనే ఉంచి రమ్మంటే ఒక పట్టాన ఒప్పుకోదు, అయినా ఒప్పించండి.

కొలోసియం దగ్గర స్నేహంగా పలకరించి చేతికి దారం కట్టేవాళ్లు, గులాబీ చేతిలో పెట్టేవాళ్లు ఉంటారు. ఉచితం అంటారు, తర్వాత డబ్బులడుగుతారు. మన పెద్దవాళ్లకి ఎవరైనా నవ్వితే తిరిగి నవ్వే అలవాటు, పాపం అక్కడే దొరికిపోతారు. చేతులు వెనక్కి పెట్టుకుని నడిచిపొమ్మనండి. ఫుట్‌పాత్ మీద అమ్మే నకిలీ బ్రాండు బ్యాగులు కొనకండి, ఇటలీలో కొన్నవాళ్లకి కూడా 7,000 యూరోల వరకు జరిమానా ఉంది. స్పానిష్ మెట్లు అనే పేరున్న పాత మెట్లదారి మీద కూర్చోవడం 2019 నుంచి నిషేధం, కాళ్లు నొప్పి పుట్టినా సరే. జరిమానా 400 యూరోల దాకా పడుతుంది. ట్రేవీ నీళ్లలో కాళ్లు పెట్టినా ఇదే గొడవ.

బస్సు టికెట్ కొని జేబులో పెట్టుకుంటే సరిపోదు, ఎక్కగానే మిషన్‌లో ముద్ర కొట్టించాలి. 1.50 యూరోల టికెట్ ముద్ర పడిన దగ్గర్నుంచి 100 నిమిషాలు చెల్లుతుంది. కార్డుతో ట్యాప్ చేసేటప్పుడు మనిషికొక కార్డు కావాలి, ఒకే కార్డుని నలుగురికీ కొడితే కుదరదు. ఫ్యుమిచీనో ఎయిర్‌పోర్టు నుంచి టెర్మినీకి ఆగకుండా వచ్చే లెయొనార్దో ఎక్స్‌ప్రెస్ రైలు టికెట్ 14 యూరోలు, 32 నిమిషాల ప్రయాణం. నలుగురుండి, సామానుంటే తెల్ల రంగు అధికారిక ట్యాక్సీ నయం. పాత ఊరి గోడల లోపలికి నిర్ణయించిన ధర ఉంటుంది, ఎక్కేముందే అడిగి ఖాయం చేసుకోండి. ఎయిర్‌పోర్టు లోపల మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి "ట్యాక్సీ, ట్యాక్సీ" అనేవాళ్ల వెంట వెళ్లొద్దు. ఇంకొకటి, ఇటలీలో రవాణా సమ్మెలు మామూలే, ఎక్కువగా శుక్రవారాల్లో వస్తాయి. షోపెరో, అంటే సమ్మె, అనే మాట ఎక్కడైనా కనిపిస్తే మర్నాటి ప్లాన్ మార్చుకోండి.

కొలోసియం టికెట్ మీద పేరు ఉంటుంది, పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మనకి ఇంటిపేరు ఎక్కడ వేయాలో తికమక కాబట్టి బుక్ చేసేటప్పుడు పాస్‌పోర్టు ముందు పెట్టుకుని టైప్ చేయండి. వాటికన్ మ్యూజియంలు నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూసే ఉంటాయి. సెయింట్ పీటర్స్ చర్చిలోకి భుజాలు, మోకాళ్లు కప్పుకునే వెళ్లాలి. చీర, చుడీదార్ వాళ్లకి ఇబ్బంది లేదు, షార్ట్స్ వేసుకున్న మగవాళ్లనే ఆపేస్తారు. గోపురం పైకి 551 మెట్లు. లిఫ్ట్ ఉందంటారు గానీ, లిఫ్ట్ దిగాక కూడా 320 మెట్లు మిగులుతాయి. పైకి పోయేకొద్దీ దారి ఇరుకై, గోడలు వంగి వస్తాయి. మధ్యలో వెనక్కి తిరగడం కష్టం. అరవై దాటినవాళ్లకి నేను వద్దనే అంటాను.

శాకాహారులు పేరు చూసి మోసపోకూడదు. కార్బొనారా అనే పాస్తాలో పంది బుగ్గ మాంసం ఉంటుంది. సుప్లీ అనే అన్నం ఉండల్లో తరచుగా మాంసం కూర కలుపుతారు. పెకొరీనో అనే జున్ను (చీజ్) తయారీలో గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు, పట్టింపు ఉన్నవాళ్లకి ముందే చెప్పడం మర్యాద. టమాటా, వెల్లుల్లితో చేసే మరినారా పిజ్జాలో జున్ను కూడా ఉండదు. పులిహోర పొడి, కందిపొడి తెచ్చుకుంటే ఒక పూట గడిచిపోతుంది. కానీ ఇండియా నుంచి వచ్చేటప్పుడు నెయ్యి, పాలకోవా తేవద్దని అమ్మలకి చెప్పండి. బయటి దేశాల నుంచి పాలతో చేసినవి, మాంసం యూరోపియన్ యూనియన్‌లోకి తేనివ్వరు, కస్టమ్స్‌లో తీసేసుకుంటారు.

పాస్‌పోర్టు, వీసా, ఇన్సూరెన్సు కాగితాల ఫొటోలు మీ ఫోన్‌లోనూ, ఇంటి దగ్గరున్న ఇంకొకరి ఫోన్‌లోనూ ఉండాలి. పాస్‌పోర్టు పోతే ముందు పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు రాయించి, ఆ కాగితంతో భారత రాయబార కార్యాలయానికి వెళ్లాలి. అది టెర్మినీకి దగ్గర్లోనే, వియా వెంతి సెత్తెంబ్రే అనే వీధిలో ఉంది. హోటల్ పేరు, అడ్రసు, మీ ఫోన్ నంబరు రాసిన చీటీ అమ్మకీ నాన్నకీ విడివిడిగా ఇవ్వండి. ఫోన్‌లో ఉంది కదా అనుకోవద్దు, ఆ ఎండకి మధ్యాహ్నానికల్లా ఫోన్ వేడెక్కి ఆగిపోతుంది.