సంపెంగకి ఫోటో, ఫోటోకి నాలుగు పాదాలు

ఆకు ఒక్కటైనా లేని కొమ్మల నిండా గులాబీ రంగు పూలు, వెనక నీలాకాశం, కింద ‘శుభోదయం’. ఇలాంటి మాగ్నోలియా ఫోటో మీ ఫ్యామిలీ గ్రూపులోకీ వచ్చే ఉంటుంది. అలాంటిది మన ఊళ్ళో తీద్దామంటే కుదరదు. చైనాలో గుళ్ళ దగ్గర ఎప్పటినుంచో పెంచుతున్న తెల్ల యూలాన్ మాగ్నోలియా గానీ, దాన్ని ఇంకో రకంతో కలిపి 1820లలో ఫ్రాన్స్‌లో పుట్టించిన గులాబీ రంగు పువ్వు గానీ గట్టి చలికాలం గడిచాక, ఆకు రాకముందే పూస్తాయి. హైదరాబాద్ చలి వాటికి ఏ మూలకి?

అయినా లోటేం లేదు. సంపెంగ కూడా మాగ్నోలియానే. ఒకప్పుడు మిచేలియా అని వేరే లెక్కలో ఉండేది, ఇప్పుడు వృక్షశాస్త్రంలో దాని పేరు మాగ్నోలియా చంపక. మనం తీయాల్సింది దాన్ని. దేవగన్నేరు కాదు, మార్కెట్లో లిల్లీ పూలని అమ్మే నేలసంపెంగ అసలే కాదు.

నాది పద్మారావునగర్‌లో చిన్న ఫోటో స్టూడియో. పాస్‌పోర్ట్ ఫోటోలు, లామినేషన్, ముహూర్తాలుంటే పెళ్ళిళ్ళు. ఖాళీ ఉన్న పొద్దుటిపూట సంపెంగల ఫోటోలు తీసి, కింద చిన్న పద్యం రాసి పంచుకోవడం నాకున్న వ్యసనం. ఎలా తీస్తారు, ఎలా రాస్తారు అని అడిగేవాళ్ళకి మొదట చెప్పేది ఒకటే: ఫోటోలో కనిపించేదాన్ని పద్యంలో మళ్ళీ చెప్పొద్దు. సంపెంగలో సగం అందం వాసనలో ఉంది. కెమెరాకి ముక్కు లేదు కాబట్టి ఆ సగం పద్యం వాటా.

చెట్టు దగ్గరికి

సంపెంగ ఎత్తుగా పెరుగుతుంది, పువ్వు ఆకు మొదట్లో దాక్కుంటుంది. కింద నిలబడి ఫోన్ పైకెత్తితే ఆకుల వీపులు, కేబుల్ వైర్లు, పక్కింటి నీళ్ళ ట్యాంకు వస్తాయి. అందుకే చెట్టు కంటే ముందు చెట్టు పక్కనున్న డాబా వెతకండి. మా వెనక వీధిలో చెట్టున్న ఇంటి పిన్నిగారు నన్ను మేడ మీదికి రానిస్తారు, ఒక్క షరతు మీద: “ఫోటో ఎన్ని తీసుకుంటావో తీసుకో బాబూ, పువ్వు మీద మాత్రం చెయ్యి వెయ్యకు. దేవుడికి.” ఆ షరతు ఫోటోకి కూడా మంచిదే. సంపెంగ రెక్కని వేలితో నొక్కితే, నొక్కినచోట కాసేపటికి గోధుమరంగు మచ్చ తేలుతుంది. ఆ మచ్చ దగ్గరి ఫోటోలో బాగా కనిపిస్తుంది.

చెట్టు దొరక్కపోతే తెల్లవారుజామున గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి వెళ్ళండి. సంపెంగలు ఎవరి దగ్గరైనా కనబడితే విచ్చినవి వద్దని, మొగ్గలు అడగండి. తడిబట్టలో వదులుగా చుట్టి తెచ్చుకుంటే ఇంటికొచ్చాక కిటికీ దగ్గర విచ్చుకుంటాయి. అంతకంటే ఓపికుంటే నర్సరీలో అంటు మొక్క కొని కుండీలో పెట్టుకోండి. విత్తనం మొక్క పూత కోసం ఏళ్ళకేళ్ళు కూర్చోబెడుతుంది, అంటు మొక్క తొందరగా పూస్తుంది, పైగా పువ్వు కంటికి ఎదురుగా ఉంటుంది.

వెలుతురు

సంపెంగ ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ ఎక్కువగా పూస్తుంది. నా ఓటు వానాకాలానికే. జూన్, జులై మబ్బు పట్టిన పొద్దున నీడలు మెత్తగా ఉంటాయి, రెక్క మీది సన్నటి గీతలు కూడా కనిపిస్తాయి. ఎండ పొద్దయితే ఏడున్నర లోపు పని ముగించేయండి.

పసుపు పువ్వుతో అసలు తంటా ఎండలోనే. ఫోన్ తెరమీద అంతా బాగానే ఉన్నట్టుంటుంది, ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే రెక్కలన్నీ కలిసిపోయి ఒకటే పసుపు ముద్ద. పసుపంటే కెమెరా లెక్కలో ఎరుపూ ఆకుపచ్చా రెండూ నిండుగా ఉండటం. అందులో ముందు ఎరుపు హద్దు దాటిపోతుంది, దానితో గీతలన్నీ పోతాయి. తర్వాత ఎంత ఎడిట్ చేసినా పోయింది తిరిగి రాదు. అందుకని తెరమీద పువ్వు దగ్గర వేలు కాసేపు అలాగే ఉంచి ఫోకస్ లాక్ చేయండి, పక్కన వచ్చే సూర్యుడి బొమ్మని కొంచెం కిందికి జరపండి. ఫోటో కాస్త చీకటిగా అనిపించాలి. వెలుతురు తర్వాత పెంచుకోవచ్చు.

తెల్ల సంపెంగది వేరే గొడవ. ఫ్రేమంతా పువ్వే అయితే ఫోన్ ‘ఇంత తెలుపేంటి’ అని కంగారుపడి బూడిదరంగు చేసేస్తుంది. అప్పుడు సూర్యుణ్ణి కొంచెం పైకి జరపాలి. అదే పువ్వు చిన్నదై, చుట్టూ ముదురాకులు ఎక్కువుంటే ఆకుల చీకటి చూసి వెలుతురు పెంచేస్తుంది, పువ్వు తెల్లకాగితం ముక్కై కూర్చుంటుంది. అప్పుడు కిందికి. నల్లకోటు పెళ్ళికొడుకు పక్కన తెల్లపంచె మామగారు నిలబడితే మాకొచ్చే టెన్షన్ సరిగ్గా ఇదే.

పోర్ట్రెయిట్ మోడ్ నమ్మొద్దు. సంపెంగ రెక్క చివర సన్నగా ఉంటుంది, వెనకభాగం మసక చేస్తూ ఫోన్ ఆ చివరల్ని కూడా కోసేస్తుంది. రెండింతల జూమ్ పెట్టుకుని ఒక అడుగు వెనక్కి జరిగితే పువ్వు వెనక కనిపించే గందరగోళం తగ్గుతుంది. వెనక ట్యాంకు తప్పకపోతే ఎవరిచేతైనా నల్ల గొడుగు తెరిపించి అడ్డం పట్టించండి. గాలికి కొమ్మ ఊగుతుంటే బట్టల క్లిప్పుతో పక్క కొమ్మకి తగిలించండి, అయ్యాక మర్చిపోకుండా తీసేయండి. పువ్వు మీద స్ప్రేతో నీళ్ళు కొట్టి మంచు బిందువులనడం మాత్రం నాకు పడదు.

దగ్గరగా చూస్తే

రక్షకపత్రాలు, ఆకర్షణపత్రాలు అని బళ్ళో చదివిన తేడా ఈ పువ్వులో లేదు. అన్నీ ఒకే తీరు రెక్కలు. బాగా విచ్చిన పువ్వుని పక్కనుంచి చూడండి. మధ్యలో ఒక చిన్న కాడ నిలబడి ఉంటుంది. దాని అడుగున కేసరాలు ఒత్తుగా, పైన తర్వాత గింజలు కట్టే ఆకుపచ్చటి భాగం, రెండింటికీ మధ్య ఏమీ అంటని కొంచెం ఖాళీ. ఫోకస్ ఆ ఖాళీ మీద పెట్టండి, పువ్వు లోతు తెలుస్తుంది. లోపల చిన్న పెంకుపురుగు కనిపిస్తే తోలకండి. మాగ్నోలియా కుటుంబంలో పుప్పొడి మోసే పని ఎక్కువగా వాటిదే. కొమ్మని కూడా వదలొద్దు: ఆకు పుట్టిన ప్రతిచోటా కొమ్మ చుట్టూ సన్నటి గీత ఉంటుంది, ఇది ఈ కుటుంబం ఆనవాలు. పువ్వులేని రోజు నేను ఆ గీతల్నే తీస్తాను.

ఇంకో మాట. అప్పుడే విచ్చిన పువ్వు కోసమే ఎదురుచూడకండి. మర్నాటికి రంగు ముదురుతుంది, అంచులు వాడతాయి, రెక్కలు తలా ఒక దిక్కుకి వాలతాయి. నాకు ఆ పువ్వే ఎక్కువ నచ్చుతుంది. మా ఆవిడ ఒప్పుకోదు, “వాడిపోయినవి గ్రూపులో పెడతారేంటండీ” అంటుంది.

ఇక పద్యం

ఫోటో కింద పెద్ద కవిత నిలబడదు. నాకు నానీ బాగా కుదిరింది. ఆచార్య ఎన్. గోపి మొదలుపెట్టిన ఈ ప్రక్రియలో నాలుగు పాదాలు, మొత్తం 20 నుంచి 25 అక్షరాలు. మొదటి రెండు పాదాల్లో ఒక మాట, తర్వాతి రెండింటిలో దాన్ని మలుపు తిప్పే మాట. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ రాయొచ్చు.

కొత్తగా రాసేవాళ్ళు సాధారణంగా ఇలా మొదలుపెడతారు:

పసుపు సంపెంగ
ఎంత అందమో
ప్రకృతి గీసిన
రంగుల చిత్రం

లెక్క సరిపోయింది, కానీ పనికి రాదు. పసుపని ఫోటోలో కనబడుతోంది, అందమని చూసినవాళ్ళే అనుకుంటారు, ప్రకృతి గీసిన చిత్రం ఏ పువ్వు కిందైనా అతుకుతుంది. ఇప్పుడు కళ్ళు మూసుకుని ఒకటే అడగండి: ఈ వాసన నాకు ఎక్కడ తగిలింది? పిన్నిగారి గేటు దగ్గర. ఆ వాసన వల్ల నాకేం తెలిసింది?

గేటు తీయగానే
తెలిసిపోయింది
పిన్నిగారు
పూజలో ఉన్నారు

22 అక్షరాలు. పువ్వు పేరే లేదు, అవసరం కూడా లేదు, పైన ఫోటోలో ఉంది కదా. ఫోటో తీసేసి చదివితే అర్థం కాకూడదు, పద్యం తీసేస్తే ఫోటో మామూలుగా మిగిలిపోవాలి. అప్పుడు రెండూ కలిసినట్టు లెక్క. ఇంకోటి, ఒంటి పువ్వు ఫోటోకి రాసింది:

సిటీ బస్సులో
సంపెంగ జడ
దిగిపోయాక
సీటు ఖాళీ కాలేదు

ఇందులో సంపెంగ అనక తప్పలేదు. జడ అన్నాక ఏ పువ్వో చెప్పకపోతే మల్లె అనుకుంటారు.

ముక్కునీ తుమ్మెదనీ వదిలేయండి. నాయిక ముక్కు సంపెంగ అనీ, సంపెంగ మీద తుమ్మెద వాలదనీ మన పాత కవులు ఎంత రాయాలో అంత రాసేశారు, వాళ్ళతో మనం పోటీ పడలేం. తుమ్మెద వద్దు గానీ ఆ పెంకుపురుగు గురించి రాసినవాళ్ళు నాకైతే కనబడలేదు. ఆ చోటు మీకోసమే ఖాళీగా ఉంది.

జపాన్ నుంచి వచ్చిన మూడు పాదాల హైకూ కూడా బాగుంటుంది. 5-7-5 అక్షరాల లెక్క తెలుగులో అందరూ పట్టించుకోరు. నాకు లెక్క ఉంటేనే చెయ్యి కుదురుగా ఉంటుంది.

వాన వెలిసి
రాలిన రెక్క మీద
చీమ ఆగింది

హైకూలో ‘లాగా’, ‘వలె’ వచ్చాయంటే కొట్టేయండి. ఏం జరిగిందో అది చెప్పి ఊరుకోవాలి.

రెండూ ఒకచోట

పద్యాన్ని పువ్వు మీద ముద్రించకండి. ఫోటో తీసేటప్పుడే ఒక పక్క కొంచెం ఖాళీ వదిలేయండి, లేదంటే కింద తెల్లపట్టీ వేసి అక్షరాలు అక్కడ పెట్టండి. ఒకే ఫాంటు, ఒకే రంగు, నీడలూ మెరుపులూ వద్దు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గిపోతుంది, మీరు కష్టపడి కాపాడిన రెక్క గీతలు పోతాయి. హెచ్‌డీ నొక్కండి, లేదా డాక్యుమెంట్‌గా పంపండి.

ప్రింటు తీయిస్తే నాలుగు బై ఆరు సైజు, మ్యాట్ పేపర్ అడగండి. గ్లాసీ మీద పసుపు మెరిసిపోయి అక్షరాలు చదవనివ్వదు. ఆర్డరిచ్చే ముందు స్టూడియోవాళ్ళ కంప్యూటర్ తెరమీద పద్యం ఒక్కసారి చదువుకోండి. పాత ఫోటోషాప్‌లో భారతీయ భాషల సెట్టింగు పెట్టుకోకపోతే తెలుగు ఒత్తులు విడిపోతాయి, పిన్నిగారు ‘పిన్‌నిగారు’ అయి కూర్చుంటారు.