టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్ మొదటిసారి చదువుతున్నారా? అయితే మొదటి పదకొండు చాప్టర్లు దాటెయ్యకండి

హార్పర్ లీ రాసిన ఈ నవల మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్లని అడిగి చూడండి, ఎక్కువమంది చెప్పేది ఒకటే, కోర్టు కేసు అన్నారు కదా అని తీశాం, వంద పేజీలైనా కేసు ఊసే లేదు, పిల్లలు వీధిలో ఒకరింట్లోకి తొంగి చూడ్డంతోనే సరిపోయింది అని. నిజమే, మొత్తం 31 చాప్టర్లలో సాక్షుల విచారణ మొదలయ్యేది 17వ దాంట్లో. కానీ ఆ ముందు భాగం కాలక్షేపానికి రాసింది కాదండీ, తర్వాత జైలు ముందు గుమిగూడేవాళ్లు, కోర్టు హాల్లో కూర్చునేవాళ్లు అసలు ఎలాంటివాళ్లో, ఎవరికి ఎవరంటే చిన్నచూపో అక్కడే తెలుస్తుంది. అది వదిలేసి కోర్టుకి దూకితే మామూలు కేసు కథ ఒకటి చదివినట్టుంటుంది అంతే.

పుస్తకం తెరిచే ముందు కాస్త నేపథ్యం తెలుసుకోండి, పది నిమిషాలు చాలు. కథ జరిగేది 1933 నుంచి 1935 దాకా, అమెరికా దక్షిణాన అలబామా రాష్ట్రంలో, మేకోంబ్ అనే చిన్న టౌన్‌లో. మేకోంబ్ కల్పితం, కానీ లీ పుట్టి పెరిగిన మన్రోవిల్‌ని దగ్గర పెట్టుకునే రాసింది, వాళ్ల నాన్న లాయరు, పక్కింట్లో ఉండే స్నేహితుడు ట్రూమన్ కపోటీ, పెద్దయ్యాక పేరున్న రచయిత అయ్యాడు, నవల్లో డిల్ అనే పిల్లాడు అతనే. 1929లో షేర్ మార్కెట్ కుప్పకూలాక పత్తి రైతులు చితికిపోయారు, చేతుల్లో డబ్బులు ఆడట్లేదు. నల్లవాళ్లకి స్కూలు వేరు, చర్చి వేరు, కోర్టులో కూర్చునే చోటు కూడా వేరు, కోర్టులో దోషా కాదా అని తేల్చే ఊరివాళ్ల గుంపు, అంటే జ్యూరీలోకి వాళ్లని రానిచ్చేవాళ్లు కాదు, ఆడవాళ్లకీ అందులో చోటు లేదు. 1931లో అదే అలబామాలో స్కాట్స్‌బరో కేసు జరిగింది, రైల్లో వెళ్తున్న తొమ్మిదిమంది నల్ల కుర్రాళ్ల మీద ఇద్దరు తెల్లమ్మాయిలు అత్యాచారం కేసు పెడితే అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ ఎనిమిదిమందికి మరణశిక్ష ఖాయం చేసింది, ఆ శిక్షలు 1932లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఈ ఒక్క కేసు గురించి చదువుకుని వస్తే నవల్లో పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకునే మాటలన్నీ అర్థమవుతాయి.

మొదటి చాప్టర్ కొంచెం ఇబ్బంది పెడుతుంది, తాతముత్తాతల చరిత్ర వస్తుంది, పేర్లు గుర్తుపెట్టుకోవాలని తంటాలు పడకండి. కథ చెప్పే చిన్నపిల్ల స్కౌట్, తన అన్న జెమ్‌కి పదమూడేళ్లు వస్తుండగా మోచెయ్యి విరిగింది అని మొదట్లోనే చెప్తుంది, అదొక్కటీ గుర్తుంచుకోండి, ఎలా విరిగిందో చెప్పడానికే ఈ కథంతా.

తర్వాత ఒక కాగితం మీద ఆ వీధి బొమ్మ గీసుకోండి. మధ్యలో స్కౌట్ వాళ్ల ఇల్లు, ఉత్తరంగా రెండిళ్ల అవతల మిసెస్ డుబోస్, దక్షిణంగా మూడిళ్ల అవతల రాడ్లీ వాళ్ల ఇల్లు (బయటికే రాని బూ రాడ్లీ ఉండేది ఇక్కడే, పిల్లలు తొంగి చూసేది ఇందులోకే), రోడ్డుకి అటువైపు మిస్ మాడీ, రాడ్లీ ఇంటి వెనకే స్కూలు. చిన్నపనిలా అనిపిస్తుంది కానీ చెయ్యండి, ఎందుకంటే పిల్లలు స్కూలుకి పోవాలన్నా రాడ్లీ ఇల్లు దాటాల్సిందే, చివర్లో జరిగే గొడవ కూడా ఆ దారిలోనే. రాడ్లీ ఇంటి దగ్గర ఓక్ చెట్టు తొర్రలో ఏమేం దొరుకుతున్నాయో ఆ బొమ్మ పక్కనే రాసుకుంటూ పోండి: చూయింగ్ గమ్, పాత నాణేలు, సబ్బుతో చెక్కిన అబ్బాయి అమ్మాయి బొమ్మలు. ఒకరోజు ఆ తొర్రని సిమెంటుతో పూడ్చేస్తారు. ఆ సాయంత్రం జెమ్ వరండాలో ఒక్కడే నిలబడి ఉంటాడు, చీకటిపడ్డాక లోపలికొస్తే మొహం మీద ఏడ్చిన మరకలు, స్కౌట్‌కి కనిపిస్తాయి కానీ వీడు ఎందుకు ఏడ్చాడో దానికి అర్థం కాదు, మనకి అర్థమైపోతుంది. ఈ పుస్తకం చదవాల్సిన పద్ధతి అంతా ఇదే, ఆరేళ్ల పిల్ల చూసింది చూసినట్టు చెప్తుంది, అర్థం చేసుకునే పని మనది. స్కౌట్‌కి ఏదైనా వింతగా అనిపించిందంటే అక్కడ ఆగి రెండోసారి చదవండి. నన్నడిగితే ఈ కథలో నిజంగా పెద్దవాడైపోతున్నది జెమ్, స్కౌట్ పక్కనుంచి చూస్తూ ఉంటుంది.

స్కూల్ మొదటి రోజు వచ్చే వాల్టర్ కన్నింగ్‌హామ్‌ని మాత్రం మర్చిపోవద్దు. మధ్యాహ్నం తినడానికేమీ లేక వచ్చిన పిల్లాడు, టీచరు డబ్బులిస్తే తీసుకోడు, తిరిగి ఇవ్వలేడు కాబట్టి. జెమ్ ఇంటికి భోజనానికి పిలుస్తాడు, వాడేమో కూరల మీదా మాంసం మీదా తీపి పాకం ధారగా పోసుకుంటాడు, స్కౌట్ అదేంటని మొహం మీదే అడిగేస్తుంది, వంటచేసే నల్లావిడ కల్పర్నియా దాన్ని వంటింట్లోకి లాక్కెళ్లి ఇంటికొచ్చినవాడిని అలా అంటావా అని బాగా తలంటుతుంది. వాల్టర్ నాన్నేమో లాయర్ ఫీజు కట్టెలూ ఆకుకూరలూ తెచ్చిచ్చి తీర్చుకునే రకం. ఇదంతా దేనికిలే అనిపిస్తుంది. 15వ చాప్టర్లో రాత్రిపూట జైలు ముందుకి కొందరు మగాళ్లు వస్తారు, తెల్లమ్మాయి మీద అత్యాచారం చేశాడని కేసు పడి లోపలున్న నల్లతను టామ్ రాబిన్సన్‌ని లాక్కెళ్లడానికి, ఆ గుంపులో వాల్టర్ నాన్న ఉంటాడు. అక్కడ స్కౌట్ ఏం మాట్లాడుతుందో చదివినప్పుడు ఆ పాకం భోజనం గుర్తుండాలి, లేకపోతే ఆ సీన్ సగమే అందుతుంది. ఆ ఇంటిపేరు 23వ చాప్టర్లో ఇంకోసారి వస్తుంది, అదే చాప్టర్లో జెమ్ ఊళ్లో జనాన్ని నాలుగు రకాలుగా విడగొట్టి చెప్తాడు, ఎవరు ఎవరిని చిన్నచూపు చూస్తారో వరస పెట్టి మరీ. ఊరు ఒకచోట, వాడ ఒకచోట ఉన్న మన పల్లెల్లో పెరిగినవాళ్లకి ఆ పేరా ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

కోర్టు చాప్టర్లు 17 నుంచి 21 వరకు వీలైతే ఒక్క కూర్చోవడంలో చదవండి. అక్కడ ఎవరినైనా మీకెదురుగా నిలబెట్టుకోండి. షెరీఫ్, అంటే అక్కడి పోలీసు అధికారి, మొదట తడబడి, తర్వాత కేసు పెట్టిన ఆ అమ్మాయికి దెబ్బలు మొహం కుడివైపు తగిలాయంటాడు. ఎదురుగా ఉన్న మనిషి కుడి చెంప మీద కొట్టాలంటే మీకు ఏ చెయ్యి సులువుగా లేస్తుందో చూసుకోండి. తర్వాత అమ్మాయి తండ్రి ఏ చేత్తో సంతకం పెట్టాడో, టామ్ ఎడమ చెయ్యి చిన్నప్పుడు పత్తి మిషన్లో పడి ఎలా అయిపోయిందో వస్తాయి. టామ్ తరఫు లాయరు, స్కౌట్ నాన్న ఆటికస్ పెద్ద ప్రసంగం మొదలుపెట్టక ముందే మీకు విషయం తెలిసిపోతుంది, జ్యూరీకి కూడా తెలుసు, మరి అయినా ఏం చేశారనేది మీరే చదవండి, తీర్పు ఇక్కడ చెప్పను.

భాష విషయానికొస్తే మాటలన్నీ అలబామా యాసలో ఉంటాయి, అది కష్టమైతే నటి సిసీ స్పేసెక్ చదివిన ఆడియోబుక్ పెట్టుకుని పుస్తకం చేతిలో పట్టుకోండి, యాస చెవికి ఎక్కాక చదవడం తేలికవుతుంది. పిల్లలకిచ్చేటప్పుడు పన్నెండు పదమూడేళ్లు దాటనివ్వండి, కేసు అత్యాచారానిది, నల్లవాళ్లని తిట్టే మాట కూడా చాలాసార్లు వస్తుంది, అది వాళ్ల నోట్లోకి రాకముందే కూర్చోబెట్టి మాట్లాడాలి.

సినిమా 1962లో వచ్చింది, గ్రెగరీ పెక్‌కి ఆస్కార్ వచ్చింది దానికే, బూ రాడ్లీగా రాబర్ట్ డువాల్, రెండూ చూడాల్సిన నటనలే, కానీ పుస్తకం అయ్యాకే చూడండి, వీధి చాలా తగ్గిపోయి ఆటికస్ పెద్దవాడైపోతాడు అందులో. 2015లో వచ్చిన గో సెట్ ఎ వాచ్‌మన్ సీక్వెల్ అనుకుని వెంటనే పట్టుకోవద్దు, అది దీనికంటే ముందు రాసిన ప్రతి, అందులో ఆటికస్ వేరే మనిషి.

ఇంకో పని కూడా చెయ్యండి, అది చాలా ముఖ్యం. చదివేటప్పుడు ఎవరి ఇల్లు మనకి లోపల్నుంచి కనపడలేదో గమనించండి. 12వ చాప్టర్లో కల్పర్నియా పిల్లల్ని తన చర్చికి తీసుకెళ్తుంది, నల్లవాళ్లు తమలో తాము ఎలా ఉంటారో దగ్గర్నుంచి కనిపించేది ఆ కాసేపే. టామ్ రాత్రిళ్లు జైల్లో ఏమనుకున్నాడో, అతని భార్య హెలెన్ ఎలా బతుకీడ్చిందో మనకి దూరంగానే కనిపిస్తుంది. 1961లో పులిట్జర్ బహుమతి వచ్చిన పుస్తకం మీద ఇప్పటికీ వస్తున్న విమర్శ ఇదే, నాకది న్యాయమైన విమర్శే అనిపిస్తుంది, పుస్తకం మీద ఇష్టం దానివల్ల ఏమీ తగ్గలేదు. అందుకే ఇది అవ్వగానే మిల్డ్రెడ్ టేలర్ 1976లో రాసిన రోల్ ఆఫ్ థండర్ హియర్ మై క్రై తీసుకోండి. అది కూడా 1933లోనే మొదలవుతుంది, పక్క రాష్ట్రం మిసిసిపీలో, కథ చెప్పేది క్యాసీ లోగన్ అనే తొమ్మిదేళ్ల నల్ల పిల్ల, సొంత పొలం పోకుండా కాపాడుకుంటున్న ఇంట్లోంచి.