బొటనవేలు వంచితే చూపుడువేలూ వంగుతోందా? ఇంట్లోనే చూసుకోండి

బొటనవేలి కొనను వంచే టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం), చూపుడువేలి కొనను వంచే టెండన్ మణికట్టులోంచి పక్కపక్కనే వెళ్తాయి. కొందరికి పుట్టుకతోనే ఈ రెంటినీ కలిపే సన్నని పోగు ఉంటుంది. 1979లో దీన్ని వివరించిన డాక్టర్లు లిన్‌బర్గ్, కామ్‌స్టాక్‌ల పేరుతోనే ఇప్పటికీ పిలుస్తారు. వాళ్ళు కోసి చూసిన మృతదేహాల చేతుల్లో 25 శాతంలో ఇది కనిపించింది, అంటే అరుదేమీ కాదు.

ముంజేతిని బల్లమీద వెల్లకిలా ఆనించండి. మణికట్టు తిన్నగా ఉండాలి. వెనక్కి వంగితే వేళ్ళన్నీ వాటంతటవే ముడుచుకుని ఫలితం తప్పుతుంది. మిగతా వేళ్ళు చాపి, బొటనవేలిని చిటికెనవేలి మొదలువైపు తెస్తూ దాని కొన కణుపును పూర్తిగా వంచండి. చాలామంది తప్పేది ఇక్కడే: కొన వంచకుండా వేలిని అడ్డంగా జరిపితే పని చేసేది అరచేతి కండరాలే, పొడవాటి టెండన్ కదలదు. చూపుడువేలి కొన కణుపు తనంతట తాను వంగితే పోగు ఉన్నట్టే అనుకోవచ్చు.

ఖాయం చేసుకోవడానికి రెండో చేత్తో చూపుడువేలిని కొన దాకా తిన్నగా పట్టుకుని, బొటనవేలిని మళ్ళీ వంచండి. అది మధ్యలో ఆగినా, మణికట్టుకు కాస్త పైన లోపలివైపు లాగినా, నొప్పి పుట్టినా అనుమానం బలపడుతుంది. రెండు చేతులూ చూడండి, ఒకదానికే ఉండొచ్చు.

నొప్పి లేకపోతే ఏమీ చేయక్కర్లేదు. సాగదీసే వ్యాయామాలు మాత్రం వద్దు. పోగు తెగదు సరికదా, టెండన్ చుట్టూ ఉండే పొర వాచిపోవచ్చు. ఫోన్ వెనక చూపుడువేలు చాపి బొటనవేలితో గంటలకొద్దీ టైప్ చేసేవారికి, వేళ్ళతో గిటార్ మీటేవారికి ఇబ్బంది ఎక్కువ. ఫోన్ బల్లమీద పెట్టుకోండి, లావుపాటి పెన్ను వాడండి, నొప్పి తగ్గేదాకా ఆ పనికి విరామమివ్వండి. అయినా తగ్గకపోతే చేతి సర్జన్‌కు చూపించాలి. అవసరమైతే మణికట్టు దగ్గర చిన్న కోత పెట్టి ఆ పోగును మాత్రమే తీసేస్తారు.

చూపుడువేలిని వదిలేసినా బొటనవేలి కొన అసలు వంగకపోతే అది ఈ సమస్య కాదు. నరం దెబ్బతినడమో, టెండన్ తెగడమో అయ్యుండొచ్చు, ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. వంగేటప్పుడు టక్కుమని పట్టేస్తే ట్రిగ్గర్ థంబ్ (బొటనవేలి టెండన్ ఇరుక్కోవడం), రాత్రిళ్ళు వేళ్ళు తిమ్మిరెక్కితే కార్పల్ టన్నెల్ (మణికట్టులో నరం నొక్కుకుపోవడం) కావచ్చు.