గ్యాంగ్‌స్టర్లు, వాంపైర్లు, ఏలియన్లు: ముగ్గురినీ ఒకే కామిక్‌లో ఎలా కలపాలి?

ముగ్గురి బొమ్మలూ గీసే ముందు ఒక సంగతి తేల్చుకోండి. వీళ్లంతా కొట్టుకునేది దేనికోసం? అందరికీ కావాల్సింది ఒకే వస్తువు అవ్వాలి. లేదంటే మూడు కథలు పక్కపక్కనే నడుస్తాయి, కలవవు.

1. ఊరూ కాలమూ ఎంచుకోండి

ముగ్గురికీ చోటున్న ఊరు కావాలి. నన్నడిగితే 1930 నాటి చికాగో. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం ఉంది, దొంగ మద్యం వ్యాపారం చాలావరకు గ్యాంగుల చేతుల్లోనే నడిచింది. నగరం నడిబొడ్డున వీధుల కింద దాదాపు 40 అడుగుల లోతున సరుకులు చేరవేసే సొరంగాలుండేవి. మొత్తం పొడవు 60 మైళ్ల దాకా. ఎండ పడని వాంపైర్లకు ఇంతకంటే ఏం కావాలి! ఇక ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ప్లూటో దొరికింది, మే నెలలో అమెరికాలోనే మొదటి ప్లానెటేరియం చికాగోలో తెరిచారు. జనమంతా ఆకాశం వైపు చూస్తున్న ఏడాదిలో ఏలియన్ దిగితే పాఠకుడు ఇట్టే నమ్ముతాడు.

2. గొడవకు కారణం పెట్టండి

ఉదాహరణకు, కెనడా నుంచి దొంగచాటుగా వచ్చిన విస్కీ పీపాల్లో ఒకదాంట్లో ఏదో మెరుస్తోంది. గ్యాంగుకు అది డబ్బు. వాంపైర్లకు రక్తం అవసరం లేకుండా చేసే మందు. ఏలియన్‌కు మాత్రం అది తన గుడ్డు. ఇప్పుడు ఎవరూ పూర్తిగా చెడ్డవాళ్లు కారు, కథకు ప్రాణం అక్కడే.

3. శక్తులకు హద్దులు పెట్టండి

1897 నాటి ‘డ్రాకులా’ నవలలో వాంపైర్ అయిన కౌంట్ డ్రాకులా పగలు కూడా తిరుగుతాడు. ఎండ తగిలితే వాంపైర్ చచ్చిపోవడం 1922 నాటి జర్మన్ మూకీ సినిమా ‘నోస్ఫెరాటు’తో వచ్చింది. కాబట్టి మీ రూలు మీ ఇష్టం, కానీ మొదటి నాలుగు పేజీల్లోనే చూపించేయండి. ఏలియన్ దగ్గర ఇంకా జాగ్రత్త. అన్నీ చేయగలిగితే టెన్షన్ మిగలదు. దాని ఓడ విరిగిపోవాలి, చలికి అది వణకాలి. చికాగో పక్కనే మిషిగన్ సరస్సు, దాని మీది చలిగాలి ఉండనే ఉంది.

4. పేజీలు విడగొట్టండి

కథ 24 పేజీలనుకుంటే, చిన్న కాగితాల మీద అన్ని పేజీలూ గీతల్లో వేసుకోండి. పిన్ను కొట్టే పుస్తకమైతే పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడాలి. పేజీకి ఐదారు గళ్లు చాలు. పీపా తెరిచే ఘట్టం ఎడమచేతి పేజీలో పెట్టండి, పేజీ తిప్పేదాకా కనిపించదు.

5. మాటలు, రంగు

తెలుగు అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. వరుసల మధ్య చోటు ఎక్కువ కావాలి. అందుకే బొమ్మకంటే ముందే బుడగల్లో మాటలు రాసి చూసుకోండి. పట్టకపోతే మాట తగ్గించండి, అక్షరం సైజు తగ్గించొద్దు. కథంతా నలుపు తెలుపుల్లో గీసి, ఆ గుడ్డుకు మాత్రం ఒక రంగు వాడండి. అది ఏ గడిలో ఉంటే పాఠకుడి కన్ను అక్కడికే వెళ్తుంది.